మా ఇంటి పాత కంప్యూటరు చెప్పిన పాఠం

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా గన్నవరంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మన రోజు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పెన్షన్ అనేది దయతో ఇచ్చే దానం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని ఆ తీర్పుతో తేలింది. దాని గురించి నాకన్నా బాగా చెప్పగల వారు ఈ వేదిక మీదే ఉన్నారు. నన్ను మాత్రం కార్యదర్శి గారు, "మీ ఇంట్లో ఆ పాత కంప్యూటర్ ఇంకా పనిచేస్తోందట కదా, దాని గురించి చెప్పండి" అన్నారు. తీర్పు వచ్చిన 1982లోనే ఆ కంప్యూటర్ కూడా పుట్టింది. అందుకని ఈ సభలో దాని ఊసెత్తడం మరీ అసందర్భం కాదనుకుంటాను.

దాని పేరు స్పెక్ట్రమ్. ఇంగ్లండులో క్లైవ్ సింక్లెయిర్ అనే ఆయన కంపెనీ 1982 ఏప్రిల్‌లో విడుదల చేసింది. సామాన్యుడి ఇంట్లో కూడా కంప్యూటర్ ఉండాలన్నది ఆయన పట్టుదల. ప్రపంచం మొత్తం మీద 50 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. ఆయన 2021 సెప్టెంబరులో 81 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. మన దేశంలో 1984-85లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం కింద దాదాపు 250 బడులకు బీబీసీ మైక్రో అనే కంప్యూటర్లు ఇచ్చింది. అవి బడి కంప్యూటర్లు. ఇళ్ళలోకి వచ్చింది మాత్రం ఎక్కువగా స్పెక్ట్రమే. 1986లో పుణెలోని డెసిబెల్స్ అనే సంస్థ లైసెన్సు తీసుకుని స్పెక్ట్రమ్ ప్లస్‌ను ఇక్కడే తయారుచేసి అమ్మింది. నాలుగో పే కమిషన్ ఎరియర్స్ చేతికి వచ్చాక, 1987లో మా ఇంటికీ ఒకటి వచ్చింది. అప్పుడు నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేస్తున్నాను. "ఎరియర్స్‌తో ఎవరైనా బంగారం కొంటారు, స్థలం కొంటారు. మీరేమిటండీ ఈ పెట్టె?" అంది మా ఆవిడ. మావాడు మాత్రం ఎగిరి గంతేశాడు. ఆటలు వాడివి, లెక్కలు నావి.

పిల్లల కోసం ఆ యంత్రం స్వరూపం కొంచెం చెబుతాను. వెడల్పాటి నల్లటి కీబోర్డు, కంప్యూటర్ మొత్తం దాని పొట్టలోనే. తెర మన ఇంటి టీవీ. సమాచారం దాచుకోవడానికి పాటలు వినే టేప్‌రికార్డరు, మామూలు క్యాసెట్టు. జ్ఞాపకశక్తి 48 కిలోబైట్లు. అందులో తెర మీది బొమ్మకే దాదాపు 7 పోతాయి. మిగిలిన 41 కిలోబైట్లలో మన ప్రోగ్రామూ, మన లెక్కలూ సర్దుకోవాలి. ఇప్పుడు మీ జేబులోని ఫోనుతో తీసిన ఒక్క ఫోటో కూడా అందులో పట్టదు.

ఆ కాస్త చోటులోనే నేను మన పెన్షన్ లెక్కలు పెట్టాను. గ్రాట్యుటీ, కమ్యూటేషన్, డీఆర్ తేడాలు అన్నీ. రిటైరవబోయే మిత్రులు కాగితాలు పట్టుకుని సాయంత్రం పూట మా ఇంటికి వచ్చేవారు. ఒక్కొక్కరి పేరు, పీపీఓ నంబరు, రిటైరైన తేదీ, కమ్యూటేషన్ సొమ్ము అందిన తేదీ క్యాసెట్టులో ఎక్కించేవాణ్ణి. ఇందులో ఒక కిటుకు ఉంది. ఇలాంటి యంత్రాలు భిన్నాలను రెండంకెల పద్ధతిలో దాచుకుంటాయి. పది పైసలు కచ్చితంగా పది పైసలుగా అందులో ఇమడవు, వెంట్రుకవాసి తేడా మిగులుతుంది. అందుకని రూపాయల్లో కాక అంతా పైసల్లోకి మార్చి, పూర్ణాంకాలతోనే లెక్క కట్టేవాణ్ణి. అప్పుడు పైసా కూడా తేడా రాదు. దీనికి ముందు 1981లో వచ్చిన మోడల్ తొలి విడతలో ఇంకా చిత్రం జరిగింది. 0.25కు వర్గమూలం అడిగితే 0.5 అనాల్సింది పోయి 1.3591409 అనేది! యంత్రం చెప్పింది కదా అని కళ్ళు మూసుకుని సంతకం పెట్టకూడదని అందుకే అంటాను.

ఇక దాని గుణగణాలకు వస్తాను. మొదటిది, దీనికి స్విచ్చి లేదు. ప్లగ్గు పెడితే బతుకుతుంది, పీకితే పోతుంది. కరెంటు రెప్పపాటు పోయినా అప్పటిదాకా టైపు చేసిందంతా తుడిచిపెట్టుకుపోతుంది. మన ఊళ్ళో ఆ రోజుల్లో కరెంటు ఎన్నిసార్లు రెప్ప కొట్టేదో మీకు తెలుసు. కాబట్టి ఇరవై లైన్లు రాయగానే క్యాసెట్టులోకి ఎక్కించడం, ఎక్కిందో లేదో సరిచూడమని యంత్రాన్నే అడగడం నాకు అలవాటైంది.

రెండోది, అడాప్టరు. దీనికి 9 వోల్టులు కావాలి. పిన్ను మధ్యలో మైనస్, బయట ప్లస్. బజార్లో దొరికే చాలా అడాప్టర్లు దీనికి తిరగబడి ఉంటాయి. వోల్టేజి సరిపోయింది కదా అని పెడితే అంతే సంగతులు.

మూడోది, వేడి. 9 వోల్టులను లోపల 5కు తగ్గించే భాగం ఒకటుంది. ఆ తేడా అంతా వేడిగా మారుతుంది. రోహిణి కార్తెలో గన్నవరం ఎండకు దీని వేడి తోడైతే ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. వేసవిలో తెల్లవారుజామున మాత్రమే పని, కింద రెండు చెక్కముక్కలు ఎత్తు పెట్టి.

నాలుగోది, కీల కింద ఉండే పల్చటి ప్లాస్టిక్ పొర. వేడికీ వయసుకీ దాని తోకలు పెళుసుబారి విరుగుతాయి. ఉన్నట్టుండి ఒక వరసలో అక్షరాలు పలకవు. అలాంటి కొత్త పొరలను ఇప్పటికీ విదేశాల్లో చిన్న చిన్న తయారీదారులు చేస్తున్నారు. మా మనవడు రెండుసార్లు తెప్పించాడు.

అయిదోది, అన్నిటికన్నా పెంకిది, క్యాసెట్టు. పని మొదలవగానే కీచుమని ఒకటే మోత, తెర అంచున ఎరుపు, లేత నీలం చారలు. తర్వాత సమాచారం వస్తుంటే నీలం, పసుపు సన్నచారలు. నిండు ప్రోగ్రాము ఎక్కడానికి అయిదు నిమిషాలు. ఇంతా చేసి, ఎక్కడో ఒక్క బిట్టు తేడా పడితే చివర్లో "టేప్ లోడింగ్ ఎర్రర్" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటుంది. మావాడు ఏడ్చేవాడు. నేను మాత్రం ఆ గుణాన్ని మెచ్చుకునేవాణ్ణి. తప్పు లెక్క ఒప్పజెప్పడం కన్నా, నాకు సరిగ్గా అందలేదు అని చెప్పడం నయం కదా!

ఈ గుణాలన్నీ నేనొక పాత డైరీలో రాసుకున్నాను. వాల్యూమ్ ఎంత, ట్రెబుల్ ఎంత, ఏ క్యాసెట్టుకు హెడ్డు స్క్రూ ఎటువైపు ఎంత తిప్పాలి, హెడ్డు ఎప్పుడు స్పిరిట్‌తో తుడిచాను, అన్నీ తేదీలతో సహా. ఎక్స్ఛేంజీలో ఫాల్టు బుక్కు రాసిన చెయ్యి, ఊరుకోదు.

ఆ డైరీ విలువ 2003లో తెలిసింది. మన మిత్రుడొకరు 1988లో రిటైరయ్యారు. పెన్షన్‌లో మూడో వంతు కమ్యూట్ చేసుకున్నారు. కమ్యూట్ చేసిన భాగాన్ని 15 ఏళ్ళకు తిరిగి కలపాలని 1986లో కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి మీకందరికీ తెలిసిందే. ఆయనకు 2003లో కలవాలి. ఈలోగా ఆయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. పీపీఓ కాగితాన్ని చెదలు తినేసింది. పెన్షన్ ఇచ్చే ఆఫీసులో ఆమెను నంబరూ, కమ్యూటేషన్ సొమ్ము అందిన తేదీ తెమ్మన్నారు. ఆమె రెండు మూడుసార్లు తిరిగి, చివరికి మా ఇంటికి వచ్చారు. "అన్నయ్యగారూ, మీ క్యాసెట్లో మన వివరాలన్నీ ఉన్నాయని ఆయన అనేవారు. ఉన్నాయంటారా?" అని అడిగారు.

యంత్రం 1997 నుంచి అటక మీదే ఉంది. దించి, దుమ్ము దులిపి, అడాప్టరు వోల్టేజి కొలిచి ప్లగ్గు పెట్టాను. తెర మీద 1982 అన్న అంకెతో ఆ పాత పలకరింపు వచ్చింది. యంత్రం లేచింది, క్యాసెట్టు మాత్రం మొరాయించింది. మొదటి సాయంత్రమంతా ఎర్రరే. రెండో సాయంత్రమూ అంతే. మూడో రోజు డైరీ తీసి, ఆ క్యాసెట్టు రికార్డు చేసిన నెలలో ఏం రాశానో చూశాను. హెడ్డు స్క్రూ పావు చుట్టు ఎడమకు, ట్రెబుల్ పూర్తిగా పైకి. అలాగే చేశాను. అయిదు నిమిషాలూ ఆమె, మా ఆవిడా, నేనూ ఆ చారలకేసి చూస్తూ కూర్చున్నాం. చివర్లో "ఓకే" అని పడింది.

పేరు వచ్చింది. నంబరు వచ్చింది. సొమ్ము అందినది 1988 ఏప్రిల్ అని వచ్చింది. అంటే పెన్షన్ కలవాల్సిన నెల దాటి అప్పటికే ఆరు నెలలయింది. నంబరు, తేదీ చేతికి ఇవ్వగానే ఆఫీసులో పాత ఫైలు దొరికింది. బకాయితో సహా మూడు నెలల్లో వచ్చింది. ఆమె ఆ నంబరును బీరువా తలుపు లోపలి వైపు పెయింటుతో రాయించుకున్నారు. 2006లో ఆయన పోయినప్పుడు ఫ్యామిలీ పెన్షన్‌కు ఆమె ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది.

ఇప్పుడు చెప్పండి, నమ్మకమైనది ఏది? యంత్రమా? ఈ యంత్రం లోపలి సంగతి ఒకటి చెబుతాను. ఖర్చు తగ్గించడానికి సింక్లెయిర్ కంపెనీ ఇందులో సగం పాడైన మెమరీ చిప్పులను చవగ్గా కొని వాడింది. పాడైన సగాన్ని వదిలి, బాగున్న సగంతోనే పని నడిపింది. ఆ సగం చిప్పులతో నలభై ఏళ్ళు నడిచిన యంత్రాలున్నాయి. మనలో మోకాళ్ళు ఒకటి పనిచేసి ఒకటి చేయని వాళ్ళకు ఇది ధైర్యం చెప్పే మాటే. దీని గుండెకాయ జడ్80 అనే ప్రాసెసరు. 1976లో మొదలైంది. తయారీదారు దాని ఆర్డర్లు తీసుకోవడం ఆపింది 2024లో. 48 ఏళ్ళ సర్వీసు! మనలో ఎవరికీ అంత సర్వీసు లేదు.

అయినా నమ్మకం చిప్పులో లేదు. దాని తీరు తెలిసిన మనిషి ఉండి, ఆ తీరు కాగితం మీద ఉన్నంతవరకే అది నమ్మకమైన యంత్రం. డైరీ లేకపోతే మూడో సాయంత్రం కూడా ఎర్రరే వచ్చేది. ఆ తర్వాత నేను చేసిన మొదటి పని, ఆ క్యాసెట్లలోని వివరాలన్నీ చేత్తో కాగితం మీదికి ఎత్తి రాసి, ఎవరివి వారికి ఇవ్వడం.

ఈ రోజుల్లో అంతా ఫోనులోనే అంటున్నారు. మంచిదే. 2014 నవంబరు నుంచి జీవన్ ప్రమాణ్ వచ్చింది. లైఫ్ సర్టిఫికెట్ కోసం బ్యాంకు ముందు నిలబడే పని చాలామందికి తప్పింది. కానీ దానికీ గుణాలున్నాయి. వేలిముద్రలు అరిగిన వారికి యంత్రం ఒప్పుకోదు, ముఖం చూపించాల్సి వస్తుంది. ఏ వేలు పడుతుందో, ఏ నంబరుకు ఓటీపీ వస్తుందో మీకు తెలుసు. మీ ఇంట్లో ఇంకెవరికి తెలుసు?

అందుకని ఒక మనవి. ఇంటికి వెళ్ళాక ఒక నోటుపుస్తకం తీయండి. పీపీఓ నంబరు, కమ్యూటేషన్ సొమ్ము అందిన తేదీ, పదిహేనేళ్ళు నిండే నెల, బ్యాంకు ఖాతా ఎవరెవరి పేరున ఉంది, ఫ్యామిలీ పెన్షన్‌కు రికార్డులో మీ భార్య లేక భర్త పేరూ పుట్టిన తేదీ సరిగ్గా ఉన్నాయా, లైఫ్ సర్టిఫికెట్‌కు ఏ వేలు పడుతుంది, ఇవి రాయండి. ఓటీపీలు, రహస్య సంఖ్యలు మాత్రం వద్దు. రాసి దాచేయకండి. పక్కన కూర్చోబెట్టుకుని ఒకసారి చదివి వినిపించండి. "ఇవన్నీ నాకెందుకండీ" అంటారు. అయినా వినిపించండి. అమ్మలూ, మీరూ అడగండి. అది అపశకునం కాదు.

మా యంత్రం ఇంకా పనిచేస్తోందా అని దారిలో నన్ను నలుగురు అడిగారు. పనిచేస్తోంది. నెలకోసారి మా మనవడు ప్లగ్గు పెడతాడు. నాకు 84 నిండాయి కనుక, డైరీ ఇప్పుడు వాడి దగ్గరే ఉంది. పోయిన నెల వాడు అందులో సొంతంగా ఒక పేజీ రాశాడు.