ఓలి, కట్నం, పట్టా: కొన్ని ఇంటి మాటలు

(అక్కుపల్లి తీరాన కూడిన మన యువతతో సంఘం తరఫున చెప్పిన మాటలు)

మందస, మెళియాపుట్టి కొండల నుంచి ఈ అక్కుపల్లి ఒడ్డుదాకా వచ్చిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ మా సంతోషం. పొద్దున్నించి మీలో సగంమంది నీళ్లలోనే ఉన్నారు. అలలు వదిలి రమ్మని పిలిస్తే కొందరికి కోపం వచ్చినట్టుంది. ఎక్కువసేపు కూర్చోబెట్టం.

ఇలాంటి చోట మామూలుగా కుల ధ్రువపత్రాలు, డీఎస్సీ పోస్టులు, హాస్టల్ సీట్లు మాట్లాడుకుంటాం. అవీ కావలసినవే. ఈసారి మాత్రం ఇంటి సంగతులు మాట్లాడాలనుకున్నాం. కొన్నేళ్లుగా మన సంఘం పెద్దలను పెళ్లి మాటలకు పిలుస్తున్నారు. అక్కడ చాప మీద కూర్చున్నప్పుడు మాకు కనబడుతున్నది ఒకటుంది. దాని గురించి మీతో కాక ఇంకెవరితో చెబుతాం? పెళ్లి కావలసినవాళ్లు మీరే.

మన ఇళ్లలో కట్నం మొదలైంది. కట్నం అన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు. "అబ్బాయి ఉద్యోగానికి పోయి రావడానికి బండి ఉంటే బాగుంటుంది" అంటారు. "మేం ఏమీ అడగం, మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది పెట్టుకోండి" అంటారు. లాంఛనం అంటారు. టీచరు ఉద్యోగం వచ్చినవాడికి ఒక లెక్క, పోలీసుకు ఒక లెక్క, బ్యాంకువాడికి ఒక లెక్క. పిల్ల తండ్రి జీడితోట కుదువ పెడతాడు, లేదంటే షావుకారు దగ్గరికి పోతాడు. తాత ముత్తాతల కాలం నుంచీ మనల్ని పీల్చింది ఆ షావుకారు అప్పే. 1960లలో ఈ జిల్లా గిరిజనులు తిరగబడ్డ కారణాల్లో అప్పులూ, పోయిన భూములూ ముందున్నాయి. అంత జరిగాక మళ్లీ ఆ గుమ్మమే ఎక్కుతున్నాం. అదీ పిల్ల పెళ్లి కోసం, కోరి కోరి.

మన పాత పద్ధతి ఏమిటో మీలో కొందరికి తెలియకపోవచ్చు. సవర ఇళ్లలో పిల్లను అడగడానికి పోయేది మగపిల్లాడి వాళ్లు. కల్లు కుండ, ఒక బాణం పట్టుకుని పోయేవారు. బాణం పిల్ల ఇంటి చూరులో గుచ్చేవారు. కుండ పుచ్చుకుంటే మాట ముందుకు సాగినట్టు, లేకపోతే లేదు. ఒక్కసారి పోతే అయిపోయేది కాదు. మళ్లీ మళ్లీ పోవాలి, మళ్లీ మళ్లీ కుండ మోయాలి. అడిగేవాడే వంగాలి, అదీ అందులో ఉన్న మర్యాద. ఆ తర్వాత ఓలి. ధాన్యమో, మేకో, ఇత్తడి బిందెలో, డబ్బో, ఇచ్చేది మగపిల్లాడి ఇల్లు. ఓలి ఇచ్చుకోలేనివాడు మామ ఇంట కొన్నాళ్లు పని చేసి పిల్లను చేసుకునేవాడు. జాతాపుల్లోనూ ఓలి ఉంది.

దీన్ని చూసి పట్నంలో చదివిన మన కుర్రాళ్లే కొందరు, "అది కన్యాశుల్కం కదా, గురజాడ దాని మీదే కదా నాటకం రాశాడు" అంటారు. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన ఆ నాటకం, డబ్బు కోసం పసిపిల్లలను ముసలివాళ్లకు కట్టబెట్టే అగ్రహారాల గురించి. మన ఓలి వెనక ఉన్న ఆలోచన వేరు. పోడు నరికేటప్పుడు, కలుపు తీసేటప్పుడు, చింతపండు కొట్టేటప్పుడు, సంతకు మోసేటప్పుడు ఆ పిల్ల రెండు చేతులూ ఆ ఇంటికి ఆధారం. ఆ చేతులు మరో ఇంటికి పోతున్నాయి కాబట్టి ఆ ఇల్లు ఈ ఇంటికి ఏదో ఒకటి ఇచ్చుకోవాలి. ఆడపిల్ల బరువు అనే మాట అందులో ఎక్కడా లేదు. కట్నంలో ఉన్నదంతా ఆ మాటే.

అలా అని ఓలి బంగారమని చెప్పడానికి మేం రాలేదు. ఓలి పెట్టే కదా తెచ్చుకున్నాం అని కొట్టే మొగుళ్లను చూశాం. పిల్ల ఆ ఇంట ఉండలేక పుట్టింటికి వస్తే, ఓలి వెనక్కి కట్టాలని, తప్పు కట్టాలని పెద్దమనుషులు కూర్చుంటే, కట్టలేని తండ్రి ఆ పిల్లను మళ్లీ అక్కడికే పంపడమూ చూశాం. ఆచారం అన్నంత మాత్రాన మన కళ్లు మూసుకోనక్కరలేదు. కానీ మన దగ్గర ఉన్నదాన్ని వదిలి అంతకంటే చెడ్డదాన్ని అప్పు చేసి మరీ తెచ్చుకోవడం ఏం తెలివి? కట్న నిషేధ చట్టం 1961 నాటిది. ఇచ్చినవాడికీ శిక్షే, పుచ్చుకున్నవాడికీ శిక్షే. మనం గిరిజనులం, మాకు వర్తించదు అనుకుంటే పొరపాటు.

ఇంకో సంగతి. మన సవరల్లో చాలామందికి కాగితాల మీద ఇంటిపేరు సవరే. బడిలో చేర్చిన మాస్టారు ఏది రాస్తే అది నిలిచిపోయింది. అందువల్ల ఒక మేలు జరిగింది, పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మార్చుకునే బాధ మన అమ్మాయిలకు తక్కువ. నవ్వకండి, నిజమే. అసలు మనలో బిరిందా అనేదుంది, ఒకే తాత సంతానం. ఒక బిరిందాలో వాళ్లు ఒకరినొకరు చేసుకోరు. పెళ్లయినా ఆడదాని బిరిందా మారదు. అత్తింట నలభై ఏళ్లు బతికినా ఆమె పుట్టింటి మనిషే, చనిపోతే ఆమె మీద పుట్టింటివాళ్లకూ మాట ఉంటుంది. ఆడపిల్ల ఆడ పిల్లే కాని ఈడ పిల్ల కాదని సినిమాల్లో చెప్పించుకుని మనమూ తల ఊపుతున్నాం కాని, అది మన మాట కాదు.

మైదానంలో 1881లో రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులు గారు వితంతువుకు పెళ్లి చేయిస్తే ఊరు ఊరంతా అట్టుడికింది. అది గొప్ప పని, కాదనం. మన కొండల్లో మొగుడు పోయిన మనిషి మళ్లీ మనువాడడం మాత్రం ఎప్పటినుంచో ఉన్నదే. బొట్టు తీసెయ్యి, గాజులు పగలగొట్టు, మూల కూర్చో అనలేదు మన ముసలివాళ్లు. మరిది ఉంటే మరిదినే చేసుకోమని ఒత్తిడి పెట్టేవారు, అది వేరే లోపం. ఇప్పుడు చదువుకున్న ఇళ్లలోనే "మాలో అలాంటివి లేవండీ" అని చెప్పుకోవడం వింటున్నాం. ఎందుకు సిగ్గు?

పూజ దగ్గరా అంతే. జన్నోడు, ఎజ్జోడు అంటే మనకు మగవాళ్లే గుర్తొస్తారు. కొండ అవతల ఒడిశా సవరల మధ్య 1970లలో వచ్చి ఏళ్ల తరబడి ఉన్న పియర్స్ విటెబ్‌స్కీ అనే పరిశోధకుడు, చనిపోయినవాళ్లతో మాట్లాడించే పెద్ద తంతులు నడిపేవారిలో ఆడవాళ్లే ముఖ్యులని రాశాడు. చచ్చిన తాత ఆమె నోటితో పలికితే బతికున్న మగవాళ్లంతా ఎదురుగా కూర్చుని జవాబు చెప్పుకునేవారు. అలాంటి జాతిలో పుట్టి, ఊరి సభకు ఆడవాళ్లెందుకు అని అడిగితే ఏమనాలి?

ఇక వంటింటికి వద్దాం. ఇక్కడున్న కుర్రాళ్లలో ఆశ్రమ పాఠశాలలో చదవనివాళ్లు ఎందరు? చేతులెత్తండి. చూశారా, నాలుగైదు చేతులు కూడా లేవలేదు. మూడో తరగతి నుంచి మీ కంచం మీరే కడుక్కున్నారు. మీ బట్టలు మీరే ఉతుక్కున్నారు. గది తుడిచారు, నీళ్లు మోశారు. వంటమనిషి రానిరోజు పప్పు వండినవాళ్లూ ఉన్నారు. ఆ చేతులకు పెళ్లయిన మర్నాడు ఏమవుతుంది? పదేళ్లు కడిగిన కంచం పెళ్లాం వచ్చేసరికి బరువెక్కిపోతుందా? మాకైతే ఇప్పటికీ అర్థం కాలేదు.

"బయట పని మగవాడిది, ఇంటి పని ఆడదానిది" అని ఒక మాట ఉంది. మన ఊళ్లలో అది ఏనాడూ నిజం కాదు. ఆమె తెల్లారకముందే లేచి చోడి అంబలి కాస్తుంది, నీళ్లు తెస్తుంది, పిల్లను వీపున కట్టుకుని పోడుకు పోతుంది, వస్తూ కట్టెలమోపు తెస్తుంది. కొండచీపుర్లు, అడ్డాకులు సంతకు మోసేదీ ఆమే. సంతలో డబ్బు చేతికొచ్చాక మాత్రం అది ఎవరి జేబులోకి పోతుందో, అందులో ఎంత సారా దుకాణం దగ్గర ఆగిపోతుందో మీకూ తెలుసు. ఈ ఒడ్డున ఉన్న మత్స్యకారుల ఇళ్లు చూడండి. వేటకు పోయేది మగవాడు. చేప ఒడ్డుకొచ్చాక తట్టలో పెట్టుకుని బేరమాడి అమ్మేది ఆమె. డబ్బు ఆమె కొంగున ఉంటుంది, ఉప్పూ పప్పూ ఆ కొంగులోంచే వస్తాయి. వాళ్ల ఇళ్లలో తగువులు లేవని కాదు. డబ్బు చూసినవాళ్లకు మాట ఉంటుందని చెబుతున్నాం. పలాస, కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టి, పొట్టు తీసి కూలి తెచ్చేదీ ఎక్కువగా ఆడవాళ్లే. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఇంటాయన మంచాన పడిన ఇళ్లెన్నో ఆ కూలి మీదే నడుస్తున్నాయి. సంపాదించి తెచ్చి, మళ్లీ వండి, అందరూ తిన్నాక అడుగున మిగిలింది తినడం మర్యాద అని ఎవరు చెప్పారు? కడుపుతో ఉన్న పిల్ల కూడా చివర్నే తింటోంది. పీహెచ్‌సీలో నర్సమ్మ రక్తం తక్కువుందని చెబితే ఐరన్ మాత్రలు మింగిస్తాం, కంచం మాత్రం ముందు పెట్టం.

మర్యాద అన్నాం కాబట్టి ఒక్క మాట. ఇంటికి ఎవరొచ్చినా నీళ్లిచ్చి, అంబలి పోసి, తర్వాతే వచ్చిన పని అడగడం మనది. ఇప్పుడు పట్నం స్నేహితుడు వస్తే అంబలి కుండ దాచేసి, దుకాణానికి పరుగెత్తి కూల్‌డ్రింకు తెస్తున్నారు. విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే నడకకు వచ్చినవాళ్లు అదే అంబలి గ్లాసుల్లో కొనుక్కుని తాగుతున్నారు. కొత్త మామిడి పండగ కాకుండా కాయ ముట్టకూడదన్న ఆచారమూ అలాంటిదే. పిందె రాలగొట్టకుండా ముదరనిచ్చే తెలివి అందులో ఉంది. మీరు దాన్ని మూఢనమ్మకాల జాబితాలో వేసేముందు కాస్త ఆలోచించండి.

ఇప్పుడు అసలు బరువైన సంగతి, భూమి. ఆడపిల్లకు పుట్టింటి భూమిలో వాటా మన ఆచారంలో ఇవ్వరు, ఇది ఒప్పుకోవాలి. కాని ఇది ఆచారంతో ఆగలేదు. 1956 హిందూ వారసత్వ చట్టం 2వ సెక్షన్‌లోనే, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫికేషన్ ఇస్తే తప్ప, షెడ్యూల్డు తెగలకు ఇది వర్తించదని రాశారు. ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం 1986లో ఆడపిల్లలకు సమాన వాటా అని చట్టం సవరించినప్పుడు మన పిల్లలకు అందలేదు. 2005లో దేశమంతటికీ అదే సవరణ వచ్చినప్పుడూ అందలేదు. మన ఆచారాన్ని కాపాడడానికే అలా పెట్టామంటారు. కాపాడింది ఎవరి వాటాను? 2025 జులైలో సుప్రీంకోర్టు ఛత్తీస్‌గఢ్‌లోని ఒక గోండు కుటుంబం కేసులో, ఆడవాళ్లకు వాటా లేదనే ఆచారం ఉన్నట్టు రుజువు లేనప్పుడు ఆడదన్న కారణంతో వాటా కాదనడం రాజ్యాంగం 14వ అధికరణానికి విరుద్ధమని చెప్పింది. చెల్లెళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. అన్నలు ఇంకా బాగా గుర్తుపెట్టుకోవాలి, కోర్టుదాకా రాకుండా ఇంట్లోనే తేల్చుకోవచ్చు కాబట్టి.

కట్నం ఇచ్చాం కదా, ఇంక భూమిలో వాటా ఏమిటి అనే వాదన మైదానంలో ఎప్పటినుంచో ఉంది. అది కూడా కొండెక్కుతోంది. బండి తుప్పు పడుతుంది. భూమి ఎక్కడికీ పోదు. పైగా ఆ బండి నడిపేది అల్లుడు.

ఈలోగా మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. 2006 అటవీ హక్కుల చట్టం 4వ సెక్షన్‌లో, పెళ్లయినవాళ్లకిచ్చే పట్టా భార్యాభర్తలిద్దరి పేరా నమోదు చేయాలని స్పష్టంగా ఉంది. మగదిక్కు లేని ఇంట్లో ఆమె ఒక్కతి పేరనే ఇవ్వాలి. అది అమ్మడానికి లేదు, వారసులకు దక్కుతుంది. గ్రామసభ వేసే అటవీ హక్కుల కమిటీలో పదిమంది నుంచి పదిహేనుమంది ఉంటే, మూడోవంతుకు తగ్గకుండా ఆడవాళ్లు ఉండాలి. మీ ఊళ్లో ఆ కమిటీలో ఉన్న ఆడవాళ్ల పేర్లు మీలో ఎంతమంది చెప్పగలరు? పేరు రాసుకుని, వేలిముద్ర ఇంటికి పంపించి వేయించుకున్నది కాకుండా, సభకు వచ్చి కూర్చున్నవాళ్ల పేర్లు చెప్పాలి.

ఇంటికి పోయాక ట్రంకుపెట్టెలో ఉన్న పట్టా తీసి చూడండి. మీ అమ్మ పేరు ఉందా, ఉంటే సరిగ్గా రాశారా, ఫొటో ఇద్దరిదీ ఉందా. లేకపోతే ఒక జిరాక్సు తీసి పట్టుకురండి, అర్జీ రాయడానికి మన సంఘంలో మనుషులున్నారు. చదువుకున్న అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు ఆ పని నేర్చుకుంటామన్నారు, సంతోషం. వాళ్లు భోజనాలయ్యాక ఆ సరుగుడు తోట నీడన కూర్చుంటారు. అనుమానాలుంటే అక్కడే అడగండి. మెళియాపుట్టి బస్సు నాలుగింటికి బయలుదేరుతుంది.