ఆపమనే గంట

(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలకు పనికివచ్చే నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను అడిగారు. ఇలాంటి సభల్లో సాధారణంగా మనం సాధించిన వాటి గురించే చెప్పుకుంటాం. ఈ రోజు నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను. ఒక పాత కారులో సెల్‌ఫోను మాటలు, పాటలు తీగ లేకుండా వినిపించే ఏర్పాటు చేయబోయి చేసిన తప్పు అది. కారు ఉన్నవాళ్ల సంగతి మనకెందుకు అనుకోకండి. ఇది కారు గురించి తక్కువ, చదువు గురించి ఎక్కువ.

నేను కె.జి.ఎఫ్.లో పుట్టి పెరిగినవాణ్ణి. మా నాన్నగారు ఛాంపియన్ రీఫ్ గనిలో పనిచేశారు. నేనూ మీలాగే ఉపకార వేతనం మీద ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివాను. ముప్ఫై ఏళ్లు మారికుప్పం రైలెక్కి బెంగళూరులో ఫ్యాక్టరీ పనికి వెళ్లివచ్చాను. రిటైరైన తరువాత ఇంటి దగ్గరే చిన్న బల్ల వేసుకుని, సెలవుల్లో పిల్లలకు సోల్డరింగు, మీటరు చూడటం నేర్పుతున్నాను.

మా మేనమామ వయసు 78. మైన్సులో వైండింగు ఇంజను దగ్గర ఎలక్ట్రీషియనుగా చేశారు. మనుషులను గనిలోకి దించి, పైకి తెచ్చే యంత్రం అది. ఇక్కడి గనులు మూడు కిలోమీటర్లకు పైగా లోతు. 1902లో శివనసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్లు తీగలు లాగి మన గనులకు కరెంటు తెచ్చారు. బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగింది ఆ తరువాతే, 1905లో. ఈ సంగతి మామయ్య ఎవరు దొరికినా చెబుతారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. మామయ్య దగ్గర మిగిలింది కొద్దిపాటి డబ్బు, ఒక కారు.

ఆ కారు 1954 నాటి మారిస్ మైనరు. గనులు 1956లో ప్రభుత్వం చేతికి రాకముందు ఇక్కడ ఉన్న ఒక ఆఫీసరుదట. చేతులు మారి మారి 1979లో మామయ్యకు వచ్చింది. 803 సి.సి. ఇంజను, గుండ్రటి బానెట్టు. మారిస్ మైనరును ఇంగ్లండులో 1948లో విడుదల చేశారు. దాన్ని రూపొందించిన అలెక్ ఇసిగోనిసే తరువాత మినీ కారునూ రూపొందించారు. మామయ్య దానిలో పెళ్లికూతుళ్లను దించారు, అర్ధరాత్రి పురిటి నొప్పులతో ఉన్నవాళ్లను ఆస్పత్రికి చేర్చారు. నన్ను మొదటిసారి డిప్లొమా కాలేజీలో దింపింది కూడా ఆ కారులోనే.

రెండేళ్ల క్రితం బేతమంగళ చెరువు కట్ట దగ్గర మామయ్య కారు నడుపుతుండగా జేబులో ఫోను మోగింది. విదేశంలో ఉన్న కూతురు. ఆయన చెయ్యి జేబులోకి పోయింది, కారు ముందు చక్రం రోడ్డు దిగింది. సైకిలు మీద వస్తున్న ఒక బడిపిల్లవాడు జానెడు దూరంలో తప్పించుకున్నాడు. మామయ్య ఆ రోజు అన్నం తినలేదు. "నేను కారైనా వదలాలి, ఫోనైనా వదలాలి. రెండిట్లో ఏదిరా?" అని నన్ను అడిగారు.

నేను చులకనగా నవ్వి, "రెండూ వద్దు మామయ్యా, బ్లూటూత్ పెట్టిస్తాను" అన్నాను. ఆయన ఒకే షరతు పెట్టారు. "బండికి ఒక్క రంధ్రం కూడా పొడవకూడదు."

ఇక్కడ విద్యార్థులకు బ్లూటూత్ సంగతి రెండు మాటల్లో చెప్పాలి. 1994లో స్వీడన్‌లోని లుండ్ అనే ఊళ్లో ఎరిక్‌సన్ కంపెనీ ఇంజనీర్లు ఈ పని మొదలుపెట్టారు. 1998లో ఎరిక్‌సన్, ఇంటెల్, ఐ.బి.ఎం., నోకియా, తోషిబా కలిసి ఒక సంఘంగా ఏర్పడ్డాయి. పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు హరాల్డ్‌కు ఉన్న మారుపేరే దీనికి పెట్టారు. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర 79 చానళ్ల మధ్య సెకనుకు 1600 సార్లు గెంతుతూ మాటను మోస్తుంది. కాబట్టి చుట్టుపక్కల వేరే పరికరాలు ఉన్నా మాట తెగదు. ఫోనుకూ పెట్టెకూ మధ్య తీగ ఉండదు. అయితే ఆ పెట్టె పనిచేయడానికి కరెంటు కావాలి కదా, ఆ కరెంటు కారు బ్యాటరీ నుంచి తీగలోనే రావాలి. నేను తప్పు చేసింది ఆ తీగ దగ్గరే.

ఆ రోజు నాతో ఒక విద్యార్థిని వచ్చింది. బంగారుపేట పక్క పల్లె. తండ్రి పట్టుగూళ్ల పని చేస్తారు. అప్పుడు డిప్లొమా మొదటి ఏడాది. పేరు చెప్పను, ఈ సభలోనే ఉంది. మీటరు పట్టుకోమన్నాను. నల్ల ముల్లు కారు బాడీకి, ఎర్ర ముల్లు తాళం స్విచ్చి దగ్గరి తెల్ల తీగకు పెట్టింది. చూసి, "సార్, మైనస్ పన్నెండు చూపిస్తోంది" అంది.

నేను చూడకుండానే, "ముళ్లు తిప్పి పట్టుకున్నావమ్మా" అన్నాను.

"లేదు సార్, సరిగానే పట్టుకున్నాను. ఒకసారి చూడండి సార్."

"ముప్ఫై ఏళ్లు ఇదే పని చేశాను. నువ్వు నేర్చుకోవడానికి వచ్చావు, నేర్పడానికి కాదు" అన్నాను. ఆ అమ్మాయి మీటరు కింద పెట్టేసింది.

పెట్టె ఎర్ర తీగను ఆ తెల్ల తీగకు, నల్ల తీగను బాడీకి కలిపాను. ఒక్క క్షణం పరీక్షకే కదా అని ఫ్యూజు కూడా వేయలేదు. తాళం తిప్పాను. పెట్టెలో నుంచి టప్పుమని శబ్దం, వెంటనే పొగ. ఆ పొగ పెట్టె దగ్గర ఆగలేదు, డ్యాష్‌బోర్డు వెనక్కి పాకింది. నేను నిలబడిపోయాను. మామయ్య ఒక్క అంగలో వచ్చి బానెట్టు కింద బ్యాటరీ క్లాంపు లాగేశారు. ఇంకొక అర నిమిషం ఆలస్యమైతే డెబ్భై ఏళ్ల కారు, దాని పక్కన ఉన్న ఇల్లు ఏమయ్యేవో నేను చెప్పలేను.

జరిగిందేమిటంటే, ఇప్పటి కార్లలో బ్యాటరీ నెగటివ్ కొనను బాడీకి కలుపుతారు. ఆ కాలపు బ్రిటిషు కార్లలో చాలావాటికి పాజిటివ్ కొనను బాడీకి కలిపేవారు. అలా చేస్తే తుప్పు తక్కువ అని అప్పటి నమ్మకం. ఆ కార్ల వైరింగులో నల్ల తీగ అంటే ఎర్తు, అంటే బాడీ అని అర్థం. నెగటివ్ అని కాదు. మైనరులో ఆ నల్ల తీగే పాజిటివ్. తెల్ల తీగ తాళం తిప్పితే కరెంటు వచ్చేది, కానీ దానికి ఫ్యూజు రక్షణ లేదు. ఫ్యూజు తరువాత వచ్చేది ఆకుపచ్చ తీగ. నేను పెట్టెకు కరెంటు తలకిందులుగా ఇచ్చాను, అదీ ఫ్యూజు లేని చోటు నుంచి. అలాంటి పొరపాటు జరిగితే కరెంటును తన మీదికి తీసుకుని ఫ్యూజు ఎగరగొట్టే డయోడు ఒకటి ఆ పెట్టెలో ఉంది. ఎగరడానికి ఫ్యూజే లేదు. డయోడు కాలింది, తరువాత తీగ కాలింది.

మీటరు చూపించింది నిజం. ఆ అమ్మాయి చెప్పింది నిజం. పద్దెనిమిదేళ్ల పిల్ల చెప్పింది కాబట్టి నేను వినలేదు.

మామయ్య నన్ను తిట్టలేదు. చేతులు తుడుచుకుంటూ ఒక మాట అన్నారు. "మైన్సులో ఆపమనే గంట మోగితే, కొట్టినవాడు మేస్త్రీనా, నిన్న చేరిన కుర్రోడా అని చూస్తామారా? ముందు ఆపుతాం. కేజీలో మనుషులుంటారు."

ఆ తరువాత రెండు వారాలు ఆ అమ్మాయి నా బల్ల దగ్గరికి రాలేదు. ఫోను చేస్తే జ్వరమన్నారు. చివరికి నేనే వాళ్ల పల్లెకు వెళ్లాను. జ్వరం లేదు. "నాకు ఈ చదువు అచ్చిరాదమ్మా, సార్‌కు కోపం తెప్పించాను, బండి కాలిపోబోయింది" అని తల్లితో చెప్పి, కాలేజీ మానేసి కుట్టుపనికి వెళతానందట. తప్పు నాది, భారం ఆ పిల్ల మోస్తోంది. తండ్రి నాతో, "పెద్దవాళ్లకు ఎదురు మాట్లాడకూడదని నేనే నేర్పినాను సార్, క్షమించండి" అన్నారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. వాళ్ల అరుగు మీదే కూర్చుని జరిగినదంతా ఆయనకు చెప్పాను. ఆ అమ్మాయి వైపు తిరిగి, "తప్పు నాదమ్మా. మీటరు నువ్వు సరిగానే పట్టుకున్నావు" అన్నాను. వెంటనే ఏమీ అనలేదు. కాసేపటికి, "సార్, ఆ పెట్టెకు కారు బాడీ తగలకుండా చేయలేమా?" అని అడిగింది. చదువు మానదని నాకు అప్పుడు ధైర్యం వచ్చింది.

రెండోసారి పని ఆమె గీసిన బొమ్మ ప్రకారం చేశాం. ఇలాంటి పాత బండి ఇంట్లో ఉన్నవాళ్ల కోసం కాస్త వివరంగా చెబుతాను.

మొదట కాలిన తీగ మార్చి, మీటరుతో ఏ కొన బాడీకి ఉందో చూసి కాగితం మీద రాసుకున్నాం. బండి పాతదైతే బ్యాటరీ పన్నెండు వోల్టులదా, ఆరు వోల్టులదా అన్నది కూడా చూడాలి. తరువాత, లోపలికి వచ్చే కరెంటుకూ బయటికి పోయే కరెంటుకూ మధ్య తీగ సంబంధం లేని కన్వర్టరు ఒకటి తెచ్చాం. లోపల ట్రాన్స్‌ఫార్మరు ద్వారానే శక్తి దాటుతుంది కాబట్టి అవతలి వైపుకు కారు బాడీతో పని లేదు. దాని పాజిటివ్‌ను బాడీకి, నెగటివ్‌ను ఆకుపచ్చ తీగకు ఇచ్చాం. ఆ తీగ మొదట్లోనే రెండు ఆంపియర్ల ఫ్యూజు వేశాం. బ్లూటూత్ బోర్డును, చిన్న ఆంప్లిఫయరును, స్పీకరును ఒక కొయ్య పెట్టెలో బిగించాం. మైనరులో డ్యాష్‌బోర్డు కింద సామాన్లు పెట్టుకునే అర ఉంటుంది. పెట్టె అక్కడ కూర్చుంది. ఇనుముకు ఇనుము ఎక్కడా తగలదు. పాత వాల్వు రేడియోను ముట్టుకోలేదు. కారుకు ఒక్క రంధ్రమూ పడలేదు. రేపు ఎవరైనా వద్దనుకుంటే పది నిమిషాల్లో తీసేయవచ్చు.

ఇంజను స్టార్టు చేయగానే స్పీకరులో కుయ్యిమని ఒక కూత వచ్చింది. వేగం పెంచితే కూతా పెరిగింది. డైనమోలో బ్రష్షుల దగ్గర పుట్టే రవ్వల గోల అది. కన్వర్టరు ముందు ఒక ఫిల్టరు పెట్టి, తీగను ఇగ్నిషన్ కాయిలుకు దూరంగా తిప్పితే తగ్గింది. ఆ ఉపాయం నాది. నా ముప్ఫై ఏళ్ల అనుభవం ఆ మాత్రం పనికివచ్చింది.

చట్టం సంగతీ చెప్పాలి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, చేత్తో ఫోను పట్టుకుని నడపడం ప్రమాదకరమైన డ్రైవింగు కిందికి వస్తుంది. మొదటిసారికే వెయ్యి నుంచి ఐదు వేల రూపాయల దాకా జరిమానా, లేదా జైలు. 2021లో కేంద్రం యాభై ఏళ్లు దాటిన వాహనాలకు వింటేజ్ నియమాలు తెచ్చింది. ఛాసిస్‌ను, బాడీని, ఇంజనును పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉంచాలన్నది అందులో ముఖ్యం. మామయ్య ఏ నియమమూ చదవకుండానే రంధ్రం వద్దన్నారు.

పని పూర్తయిన రోజు కోలారమ్మ గుడికి బయలుదేరాం. మామయ్య నడుపుతున్నారు, వెనక సీట్లో ఆ అమ్మాయి, ఆమె తండ్రి. బంగారుపేట దాటాక పెట్టెలో ఫోను మోగింది. కూతురే. మామయ్య స్టీరింగు వదలలేదు. బోర్డు మీటను నేను నొక్కాను. "నాన్నా, వినిపిస్తోందా?" అని స్పష్టంగా వచ్చింది. ఆయన, "వినిపిస్తోందమ్మా, ఉండు, బండి ఆపి మాట్లాడతాను" అని, చింతచెట్టు నీడ చూసి పక్కకు ఆపి, తరువాతే మాట్లాడారు. అంత కష్టపడి పెట్టింది ఆపకుండా మాట్లాడటానికి కదా మామయ్యా అంటే, "కాదురా, ఎవరు పిలుస్తున్నారో కళ్లు రోడ్డు మీద నుంచి తియ్యకుండా తెలుసుకోవడానికి" అన్నారు. ఆయనకు తెలిసిన భద్రత నా పరికరం కన్నా ఒక మెట్టు పైనే ఉంది.

విద్యార్థులారా, మీరు చూసినది మీకు స్పష్టంగా కనిపించినప్పుడు, ఎదుట ఎంత పెద్దవారున్నా మర్యాదగా ఇంకొకసారి చెప్పండి. ఆ అమ్మాయి చెప్పింది రెండుసార్లు. మూడోసారి చెప్పే ధైర్యాన్ని నేనే తీసేశాను. అలా తీసేసేవాళ్లు మీకూ ఎదురవుతారు. అందుకని చదువు వదలకండి.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. పిల్లలకు వినయం నేర్పండి, తప్పకుండా నేర్పండి. ప్రశ్న అడగడం ఎదురు మాట్లాడటం కాదని కూడా నేర్పండి. ఇంట్లో అడగలేని పిల్ల కాలేజీలోనూ అడగదు, ఫ్యాక్టరీలోనూ అడగదు. అక్కడ కేజీలో మనుషులుంటారు.

ఆ అమ్మాయి ఇప్పుడు మూడో ఏడాదికి వచ్చింది. ఇప్పుడు నా బల్ల దగ్గర ఎవరు ఏ తీగ కలిపినా, ముందు ఇంకొకరు మీటరు చూసి సరే అనాలి. ఆ నియమం నాకూ వర్తిస్తుంది.