పిల్లలు అడిగిన మాట తీర్మానంలో ఎక్కాలి

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి పొదుపులు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి బకాయిల లెక్కలు విన్నారు. నాకిచ్చిన అంశం వాతావరణ మార్పు. పేరు పెద్దగా ఉంది గానీ మనకు తెలియని సంగతేం కాదు. పత్తి ఏరే రోజుల్లో వాన పడితే ఆ నెల కిస్తీ ఎట్లా కట్టామో మనకే తెలుసు. 2015 ఎండాకాలంలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వడదెబ్బకు వెయ్యి మందికి పైగా చనిపోయారు. 2024 సెప్టెంబరు మొదట్లో ఖమ్మంలో మున్నేరు ఇళ్లల్లోకి వచ్చింది. మనం ఏళ్ల తరబడి కూడబెట్టింది ఒక్క రాత్రిలో పోతున్నది. అందుకే ఇది సంఘంలో మాట్లాడుకోవాల్సిన సంగతి.

అయితే నేను ఎండల గురించి, వానల గురించి చెప్పడానికి రాలేదు. మన ఇళ్లల్లో ఉన్న పన్నెండేళ్ల, పదిహేనేళ్ల పిల్లలు పంచాయతీతో పని చేయించగలరా అన్నది నా మాట. పిల్లలు అలా చేయించిన ఊరు ఒకటుంది. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో యూజీన్ అనే పట్టణం. అంత దూరపు ముచ్చట మనకెందుకు అనకండి. ముందు వినండి, మన గ్రామసభకు అది ఎట్లా పనికొస్తుందో తర్వాత చెప్తాను.

యూజీన్ జనాభా లక్షన్నరకు పైన. 2010లోనే అక్కడి నగర పాలక మండలి ఒక ప్రణాళిక రాసుకుంది. పెట్రోలు, గ్యాస్ లాంటివి కాల్చడం ఇంత తగ్గిస్తాం, ఫలానా ఏడాదికల్లా తగ్గిస్తాం అని అందులో ఉంది. మంచి ప్రణాళికే. కానీ అది తప్పనిసరి కాదు. చేస్తే చేసినట్టు, లేకపోతే లేదు. బడి పిల్లలు, కాలేజీ పిల్లలు కొందరు దీన్ని పట్టుకున్నారు. కౌన్సిల్ సమావేశంలో జనం మాట్లాడటానికి కొంత సమయం ఇస్తారు. ఆ సమయంలో వీళ్లు వెళ్లి నిలబడ్డారు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ వెళ్లారు. వాళ్లలో చాలామందికి ఓటే లేదు. కొత్త కోరికలేం అడగలేదు. "మీరు రాసుకున్నదే కదా, దాన్ని చట్టం చేయండి" అన్నారు, అంతే.

2014 జులైలో కౌన్సిల్ చట్టం చేసింది. పాలక మండలి సొంత ఆఫీసులు, బండ్ల నుంచి వచ్చే పొగ లెక్క 2020కల్లా నికరంగా సున్నాకు రావాలి. ఊరు మొత్తం మీద ఆ ఇంధనాల వాడకం 2030కల్లా 2010 నాటి దాంట్లో సగానికి పడాలి. ఎంతవరకు వచ్చిందో అధికారులు కౌన్సిల్ ముందు చెప్పాలి. పిల్లలు అక్కడితో ఇంటికి పోలేదు. 2016లో ఆ లెక్కను ఇంకా గట్టి చేస్తూ చట్టాన్ని సవరించారు.

నాకు ఇందులో బాగా నచ్చింది, రాసి ఉన్న మాటనే వాళ్లు పట్టుకోవడం. ఎందుకంటే మన దగ్గర కూడా రాసి ఉన్నది తక్కువేం కాదు. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 చూడండి. గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. పంచాయతీ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకిచ్చే డబ్బులో 60 శాతం నీళ్లకు, పారిశుధ్యానికే వాడాలని చెప్పింది. అందులో సగం తాగునీటికి, వాన నీటి నిల్వకు, వాడిన నీటిని మళ్లీ వాడుకోవడానికి. అంటే బడి కప్పు మీద పడ్డ వాన నీళ్లను గుంతలోకి దింపమని అడిగితే "పైసలు లేవు" అనే జవాబు ఊరికే ఒప్పుకోవద్దు. ఆ పద్దు కింద ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అని అడగాలి.

85 శాతం మొక్కలు బతికాయో లేదో ఎవరు లెక్కపెట్టాలి? మనకు తీరిక లేదు. పిల్లలు రోజూ ఆ రోడ్డు మీదే బడికి పోతారు. ఏ మొక్క ఎండింది, ఏ ట్రీగార్డులో కర్ర తప్ప ఏం లేదు అనేది వాళ్లకు తెలుసు. ఒక ఆదివారం పూట నోటుపుస్తకం పట్టుకుని తిరిగితే లెక్క వచ్చేస్తుంది. ఏ బోరు ఏ నెలలో ఎండిపోయిందో కూడా వాళ్లనడగండి. బిందె పట్టుకుని పోయేది వాళ్లే కదా!

నేను కూర్చున్న ఒక గ్రామసభలో తొమ్మిదో తరగతి అమ్మాయి లేచింది. బడి బోరు హోలీ పండగకే ఎండిపోతున్నది, వాన పడితే మాత్రం నీళ్లన్నీ రోడ్డు మీదికి పోతున్నాయి, ఎందుకు అనడిగింది. "మంచి ప్రశ్న, కూర్చోమ్మా" అన్నారు. చప్పట్లు కొట్టారు. వెంటనే వేరే విషయంలోకి పోతుంటే సంఘం ప్రెసిడెంటక్క లేచి "సార్, ఆ మాట పుస్తకంలో రాయండి. పిల్ల పేరు మీద వద్దు, మా గ్రామైక్య సంఘం అడిగిందని రాయండి" అన్నది. రాశారు. ఎస్టిమేటు కూడా వేశారు. పని ఇంకా మొదలు కాలేదు, అది కూడా చెప్పాలి. ప్రతి సభలో అక్క ఆ తీర్మానం తేదీ చదివి అడుగుతూనే ఉంది.

పిల్ల పేరు మీద వద్దు అని అక్క ఎందుకన్నదో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఇల్లు మంజూరు కావాల్సిన వాళ్లం, పింఛను కోసం ఎదురుచూసే వాళ్లం. నా కొడుకు సభలో పెద్దవాళ్లను ప్రశ్న వేస్తే జాబితాలో నా పేరు ఉంటుందా పోతుందా అని తల్లికి భయం. ఆ భయం తప్పని నేననను. కానీ మొత్తం సంఘం అడిగినప్పుడు ఏ ఒక్క ఇంటినీ పక్కన పెట్టలేరు. లెక్క పిల్లలు తేవాలి, సంతకం మనం పెట్టాలి. పోట్లాట వస్తే మన మీదికి రావాలి గానీ పిల్లల మీదికి పోవద్దు.

దానికి మనకు దారి కూడా ఉంది. ఏటా మనం తయారుచేసే వీపీఆర్పీ గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో కలవాలి. అందులో ఊరి ఉమ్మడి వసతులు, వనరుల గురించి ఒక భాగం ఉంది. చాలా ఊళ్లలో ఆ భాగం సిమెంటు రోడ్డు, మురికి కాలువతోనే నిండుతుంది. అవీ కావాలి. ఈసారి ఉపాధి పని దగ్గర నీడ, చెరువు పూడిక, బడి నీళ్లు కూడా అందులో ఎక్కాలి. గ్రామసభకు ముందు బాలసభ, మహిళా సభ పెట్టాలని పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ చెబుతూనే ఉంది. కేరళలో మనలాంటి అక్కచెల్లెళ్ల సంఘాలైన కుటుంబశ్రీ కింద పిల్లలకు బాలసభలు ఎన్నో ఏళ్లుగా ఉన్నాయి.

ఇంకొక మాట, కొందరికి నచ్చకపోవచ్చు. పర్యావరణం అనగానే మన దగ్గర వ్యాసరచన పోటీ, ర్యాలీ, సర్టిఫికెట్. ఎండలో పిల్లల్ని నడిపించి ఫొటో దిగి పంపిస్తాం. ఆ ర్యాలీ తర్వాత ఏ పంచాయతీ ఏం చేసిందో ఎవరైనా అడిగారా? ఆ పూట పిల్లలతో మొక్కల లెక్క తీయించినా మేలే.

పద్దెనిమిది నిండిన పిల్లల సంగతి వేరు. ఓటరు జాబితాలో పేరుంటే వాళ్లు గ్రామసభ సభ్యులే, మనతో సమానంగా మాట్లాడొచ్చు. ఇప్పుడు ఏడాదిలో నాలుగు తేదీలు లెక్కలోకి తీసుకుంటారు: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. పదిహేడు నిండితే ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అమ్మాయిల పేర్లు "పెళ్లయ్యాక అత్తగారింట్లో రాయించుకుంటుందిలే" అని వదిలేస్తున్నారు. అట్లా వదలొద్దు.

వచ్చే గ్రామసభకు డప్పు చాటింపు వేసేలోపు ప్రతి గ్రామైక్య సంఘం ఒక పూట పిల్లలతో కూర్చోవాలి. వాళ్లు చెప్పింది మినిట్స్ పుస్తకంలో రాయండి, దాంట్లోంచి ఒకటో రెండో తీర్మానానికి పట్టుకెళ్లండి. పది పట్టుకెళ్తే పదీ పోతాయి. సభలో ఏం జరిగిందో వీఓఏలు తర్వాతి నెల సమాఖ్య సమావేశానికి నకలు తేవాలి. ఫారం-6 కాగితాలు ఆ చివరి టేబుల్ దగ్గర ఉన్నాయి, భోజనాలయ్యాక తీసుకోండి. ఇంట్లో పదిహేడు దాటిన వాళ్లు ఎంతమంది ఉంటే అన్ని తీసుకోండి.