నిరుద్యోగియు, దళారియు
(పఠనమందిర సభయందు గావించిన యుపన్యాసము)



నిరుద్యోగమును గూర్చి మనము వినని యుపన్యాసము లేదు. ఎన్నికలు వచ్చినప్పుడెల్ల నాయకులు వాగ్దానములు చేయుదురు. అర్థశాస్త్రజ్ఞులు లెక్కలు వేయుదురు. పత్రికలవారమగు మేమును వ్యాసములు వ్రాయుదుము. కాని పనిలేనివానికిని పనికిని నడుమ నిలిచి, యిరువురను గలిపెదనని చెప్పు మూడవ మనుష్యుని గూర్చి పలుకువారు అరుదు. నేడు మేము ఆ మూడవవానిని గూర్చియే ముచ్చటింప సంకల్పించితిమి. పట్టణములలో వానిని కన్సల్టెన్సీ యందురు. పల్లెలలో ఏజెంటు అందురు. మన తాతలు మేస్త్రీ యనియు, కంగాణి యనియు పిలిచిరి. మేము దళారి యనియే వ్యవహరింతుము.

దళారితనము దానంతట అది పాపము కాదు. సంతలో ఎద్దులకు బేరగాడుండును. పెండ్లిండ్లకు పేరయ్య యుండును. పేరయ్య రెండు వైపుల సంభావన పుచ్చుకొన్నను, సంబంధము బెడిసెనేని ఇరువైపులవారి నోళ్లకును జడియవలసినవాడే. మరల ఆ యూరిలోనే తిరుగవలెను గదా! ఉద్యోగపు దళారి యెవరికి జడియును? పని యిచ్చు కామందు సముద్రము కావల నుండును. పని కోరువాడు అప్పుతెచ్చిన సొమ్మును ముందే వాని చేతిలో పోసి, తరువాత వాని గుమ్మము కడ నిలిచియుండును. చిక్కంతయు ఇచ్చటనే యున్నదని మా నమ్మకము. సేవ యెవరికి? కామందునకు. రుసుము ఎవరిది? కూలివానిది.

ఈ వ్యవహారము మనకు క్రొత్త కాదు. కాకినాడ, విశాఖపట్నము, భీమునిపట్నము రేవుల నుండి మనవారు వేలకువేలుగా రంగూనునకు ఓడలెక్కిన కాలమున, టిక్కెట్టు సొమ్మును మేస్త్రీ బదులిచ్చెడివాడు. ఆ బదులు తీరువరకు కూలివాడు వాని మనిషి. జీతము మేస్త్రీ చేతిమీదుగా వచ్చెడిది. వచ్చుచు వచ్చుచు తరిగెడిది. బర్మావారు మన తెలుగువారిని కోరంగీలని పిలిచిరి. మన గోదావరీతీరపు కోరంగి రేవు పేరు ఆ విధముగ కూలికి పర్యాయపదమైనది. మలయా తోటలకు కంగాణీలు మనుష్యులను గొనిపోవు పద్ధతిని 1938లో హిందూదేశ ప్రభుత్వము నిలిపివేసినది. అంతకు పూర్వమే, 1917లో, ఫిజీకి మనవారిని కట్టిపంపిన గిరిమిట్ పద్ధతికి జనులను చేర్చుకొనుట ఆగినది. కార్మికుల స్థితిగతులను విచారించిన రాయల్ కమిషను 1931లో, కూలీలను చేర్చుకొనుటయందును తొలగించుటయందును జాబరుకు ఏ విధమైన ప్రమేయమును ఉండరాదని సిఫారసు చేసినది. ఆ సిఫారసు వెలువడి తొంబది యేండ్లు దాటినది. కమిషను పోయినది, రంగూను ఓడలు పోయినవి. మేస్త్రీ మాత్రము పోలేదు. విమానాశ్రయము వరకు వచ్చి వీడ్కోలు చెప్పుచున్నాడు.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతములనుండి దుబాయికి, సౌదీకి పోవు యువకుని ప్రయాణమును కొంచెము నెమ్మదిగ చూతము. మొదట ఊరిలోనే యొక బంధువో, స్నేహితుడో కలిసి, తనకు తెలిసినవాడు మండలకేంద్రమున నున్నాడని చెప్పును. ఆ మండలపువాడు హైదరాబాదు వానికి ముట్టజెప్పును. హైదరాబాదు వాడు ముంబయి వానికి. ఈ గొలుసులో ప్రభుత్వమువారి రిజిస్ట్రేషను గలవాడు చిట్టచివరి యొక్కడే. ఒక్కొక్కప్పుడు ఆ యొక్కడును ఉండడు. పాసుపోర్టును మొదటివాడే పుచ్చుకొనును. దానిని బలవంతముగ తనయొద్ద నుంచుకొను అధికారము ఏ ఏజెంటుకును లేదు. అయినను అడిగిన మరుక్షణము తిరిగి యిచ్చువాడు కనబడడు. పిదప వైద్యపరీక్ష. ఆ పత్రము చెల్లునది కొద్ది నెలలే. వీసా రాకముందే దాని గడువు తీరును. మరల పరీక్ష, మరల ఖర్చు. నడుమ ట్రేడ్ టెస్టు. "రేపు రమ్ము," "సోమవారము ఫోను చేయుము," "కంపెనీవాడు సెలవులో నున్నాడు" — ఈ మూడు మాటలతో ఎనిమిది నెలలు గడిపిన దళారుల కథ మాకు వచ్చిన జాబులలో పలుమారు కనబడినది. సొమ్ము పోయినందుకంటె, ఉన్నదో లేదో తెలియని యుద్యోగముకొరకు ఉన్న కూలిపనిని మానుకొని కూర్చున్నందుకే వ్రాసినవారు ఎక్కువ దుఃఖించుచున్నారు.

చట్టము లేదా యందురు. కలదు. 1983లో కేంద్రము చేసిన ఎమిగ్రేషను చట్టము క్రింద, రిజిస్ట్రేషను లేనివాడు విదేశోద్యోగములకు జనులను చేర్చుట నేరము. 2017లో సవరించిన నియమముచొప్పున, ఏజెంటు తన సేవకై పుచ్చుకొనదగిన గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు. నూటికి 18 చొప్పున పన్ను కలిపినచో 35,400. దానికి రసీదు ఇచ్చితీరవలెను. కాని లోకమున నడచునది వేరు. లక్షయో లక్షన్నరయో చేతులు మారును. రసీదు వ్రాసినను ముప్పదివేలకే వ్రాయుదురు, తక్కినది నోటిమాట. రేపు న్యాయస్థానమునకు పోయినచో ఆ నోటిమాటకు సాక్షి యెవరు?

కొంచెము లెక్క వేయుదము. లక్షన్నర రూపాయలను నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినా డనుకొందము. మన పల్లెలలో నిది తక్కువ వడ్డీయే. నెలకు మూడువేలు వడ్డీకే పోవును. దుబాయిలో వేయి దిర్హముల జీతము, అనగా నేటి మారకమున ఇరువదివేలకు పైచిలుకు. తిండికిని ఫోనుకును పోను నెలకు పదునైదువేలు ఇంటికి పంపినా డనుకొందము. ఇంటివారు అందులో ఒక్క రూపాయి ముట్టక అంతయు అప్పునకే కట్టినను, ఋణము తీరుటకు ఇంచుమించు ఏడాది పట్టును. సగము బియ్యమునకును, బిడ్డల చదువులకును వాడుకొనిరేని రెండేండ్లు దాటును. కరారునామా యన్ననో సాధారణముగ రెండేండ్లకే! ఇల్లు విడిచి, ఎండలో ఇటుకలు మోసి, అతడు సంపాదించి పెట్టినది ఎవరికి? షావుకారికిని దళారికిని.

ఇందొక విపరీతము కలదు. అరబ్బు ఎమిరేట్లలో 2021లో చేసిన కార్మికచట్టము, కూలివానిని చేర్చుకొనుటకగు ఖర్చును ప్రత్యక్షముగగాని పరోక్షముగగాని వానినుండి రాబట్టరాదని యజమానులను శాసించుచున్నది. ప్రపంచ కార్మికసంస్థవారు 1997లో చేసిన ఒడంబడికయు ప్రైవేటు ఏజెన్సీలు కార్మికునినుండి రుసుము పుచ్చుకొనరాదనియే చెప్పుచున్నది. ఫిలిప్పైన్సువారు ఇంటిపనికై పోవు తమ స్త్రీలనుండి ఏజెంట్లు రుసుము పుచ్చుకొనుటను 2006లోనే నిషేధించిరి. పనివానిని కోరు దేశము "పుచ్చుకొనకుడు" అన్నది. పనివానిని కన్న దేశమేమో "ముప్పదివేలవరకు పుచ్చుకొనుడు" అని నియమము వ్రాసినది! అతిక్రమించువారిని తరువాత పట్టుకొందము. అనుమతించిన దానినే మొదట ప్రశ్నింపవలసియున్నది.

నియమమును తప్పించుకొను దారులును చాల కలవు. పదవతరగతి యుత్తీర్ణుడు కానివాడు గల్ఫు దేశములకు కూలికి పోవలెనన్నచో ప్రభుత్వపు అనుమతి పొందవలెను. దాని కగు జాగును తప్పించుటకని దళారి వానిని చుట్టపుచూపుగ పోవు విజిట్ వీసాపై ఎక్కించును. ఆజాద్ వీసా యను నింకొక మాయ కలదు. పేరునకు స్వేచ్ఛ, నిజమునకు కఫీలు ఎవరో తెలియని దాస్యము. అకామా లేక, పనిచేసిన దినములకు కూలి అడుగ నోరులేక తిరుగు మనవారిని అచ్చటి తెలుగువారే ఖల్లివెల్లి యందురు. అనుమతితో పోయినవానికి రెండేండ్లకు 275 రూపాయలు కట్టినచో పది లక్షల ప్రమాద బీమా కలదు. విజిట్ వీసాపై పోయినవానికి అది లేదు. వాడు పరంజిపై నుండి జారి మరణించెనేని, శవపేటికతోపాటు ఇంటికి వచ్చునది అప్పుపత్రమే. 275 రూపాయల బీమాను గూర్చి చెప్పక, లక్షన్నర పుచ్చుకొన్నవానిని ఏమనవలెనో మాకు తోచదు.

కడపనుండియు, గోదావరీ మండలములనుండియు కువైటునకు ఇంటిపనికి పోవు స్త్రీల సంగతి మరియొక దినము విపులముగ చెప్పదగినది. అట్టి స్త్రీలను ప్రభుత్వసంస్థలే పంపవలెనని 2016లో కేంద్రమువారు కట్టడి చేసిరి. కట్టడి మంచిదే. కాని ప్రభుత్వసంస్థ జాడ తెలియని యూరిలో దళారి జాడ మాత్రము ప్రతి గడపకును తెలియును.

ఇదంతయు చదువురానివారి గొడవ యని మీలో నెవరైన తలంచుచుందురేమో! పట్టణపు పట్టభద్రుని కథ ఇంతకంటె మేలుగ లేదు. హైదరాబాదులో అమీర్‌పేట, మాదాపూరు వీధులలో శిక్షణతో కూడ ఉద్యోగము గ్యారంటీ యను బల్లలు వ్రేలాడుచున్నవి. దొడ్డిదారి యుద్యోగమునకు బ్యాక్‌డోర్ అని పేరు పెట్టి, వెల నిర్ణయించి, లేని యనుభవమునకు పత్రములు సృష్టించి యిచ్చువారును కలరు. రెండు నెలల పిమ్మట పోయి చూచునప్పటికి తలుపునకు తాళము. మోసపోయిన పిల్లవాడు పోలీసులయొద్దకు పోవుటకును సంకోచించును. ఆ కల్లపత్రము తన పేరిటనే యున్నది గదా! దళారి సొమ్మునే గాక వాని నోటిని గూడ అపహరించినాడు.

2024 మే నెలలో విశాఖపట్నపు పోలీసులు బయల్పరచిన కాంబోడియా వ్యవహారము మీకు జ్ఞప్తియందుండును. కంప్యూటరుపై లెక్కలెక్కించు డేటా ఎంట్రీ పని యని చెప్పి, సొమ్ము పుచ్చుకొని, ఉత్తరాంధ్ర యువకులను దళారులు ఆ దేశమునకు పంపిరి. అచ్చట పాసుపోర్టులు లాగుకొని, గదులలో నిర్బంధించి, తోడి భారతీయులనే ఫోనులలో వంచించు పనికి నియోగించిరి. ఆ నెలలోనే సిహనూక్‌విల్ పట్టణమున మనవారు తిరుగబడిరి. పిదప అనేకులు స్వదేశమునకు చేరిరి. మన పిల్లలు తమ రుసుము తామే చెల్లించి తమ చెరసాలకు తామే పోయిరి. గిరిమిట్ కూలివానికైన ఓడకూలి ఇతరులు పెట్టుకొనెడివారు!

దళారుల పక్షమున నొక వాదము కలదు. దానిని దాచుట న్యాయము కాదు. "వీసాలు మాకు ఊరక రావు. ఆ దేశపు కంపెనీ మేనేజరే వాటిని అమ్ముచున్నాడు. మేము కొని తెచ్చి, మా శ్రమకు కొంత కలిపి, అమ్ముచున్నాము" అందురు. ఇందు సత్యము లేకపోలేదు. పని యను వస్తువు ఒకచేతినుండి యొకచేతికి మారుకొలది దాని వెల పెరుగుచున్నది; తుదివాడు, అనగా మిక్కిలి పేదవాడు, మొత్తమును మోయుచున్నాడు. కాని ఆ తుదివాడు ఈయకున్నచో మొదటివాడు అమ్మునదేమి? ఏజెంటు రుసుము యజమానియే ఈయవలెనన్న నియమము నిలిచినచో, మేనేజరు తన వీసాను తన కంపెనీకే అమ్ముకొనవలసి వచ్చును.

"ఏజెంటు లేకున్న పేదవానికి దారి చూపువారెవరు?" అనునది రెండవ ప్రశ్న. ఇది నిజముగ బరువైనది. ఖాళీలను ఎంప్లాయిమెంటు ఎక్స్చేంజీలకు విధిగ తెలుపవలెనని 1959లో చట్టము చేసితిమి. ఆ కార్యాలయములలో పేరు నమోదు చేసికొని, కార్డు పసుపుబారినంతకాలము కాచుకొన్నవారు ఈ సభలోనే ఉండవచ్చును. విదేశములకు మనుష్యులను పంపుటకు తెలంగాణమున టామ్‌కామ్ అనియు, ఆంధ్రప్రదేశమున ఓమ్‌క్యాప్ అనియు ప్రభుత్వసంస్థలు వెలసినవి. అవి చేయుచున్న పని మంచిదే గాని, పోవువారి సంఖ్య ముందర మిక్కిలి స్వల్పము. ప్రభుత్వము చేయి చాపనిచోట దళారి చేయి చాపుచున్నాడు. కావున దళారిని తిట్టినంతమాత్రమున వాడు పోడు. 2025లో విదేశాంగశాఖవారు 1983నాటి చట్టమునకు బదులుగ ఓవర్సీస్ మొబిలిటీ బిల్లు ముసాయిదాను ప్రకటించి ప్రజాభిప్రాయమును కోరిరి. మన పట్టణములలో నెన్ని పఠనమందిరములు దానిని తెప్పించి చదివినవి? రుసుమును యజమానిపై నుంచవలెనని ఎన్ని సంఘములు తీర్మానించి పంపినవి?

ఢిల్లీనుండి చట్టము వచ్చువరకు ఈ పఠనమందిరము ఊరకుండ నక్కరలేదు. రిజిస్ట్రేషను గల ఏజెంట్ల పట్టిక కేంద్రప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో అందరకును చూడ వీలగునట్లున్నది. ఏజెంటు పేరు, సంఖ్య, ఆ సంఖ్య చెల్లుచున్నదో రద్దయినదో అందు తెలియును. చదువుకొన్నవానికి అది అయిదు నిమిషముల పని. చదువురానివానికి లక్షన్నర రూపాయల పని. వారమునకు రెండు సాయంకాలములు ఈ మందిరపు యువకు లిద్దరు ఇచ్చట కూర్చుండి, పాసుపోర్టు ఈయబోవు వానికి ముందుగ ఆ సంఖ్యను సరిచూచి చెప్పవలెను. వీసా విజిట్‌దో, పనిదో చదివి చెప్పవలెను. బీమాపత్రము ఉన్నదో లేదో అడుగవలెను. ఇచ్చిన సొమ్మునకెల్ల రసీదు వ్రాయించుకొమ్మని, వ్రాయనన్నవానికి బ్యాంకు మార్గముననే పంపుమని బోధింపవలెను. మోసపోయి తిరిగివచ్చినవాని ఫిర్యాదును తెలుగున వ్రాసి, హైదరాబాదులోని ఎమిగ్రెంట్ల సంరక్షణాధికారికి పంపవలెను. కార్యదర్శిగారితో మాటాడితిమి, మంగళ శుక్రవారములు ఆరుగంటలు మొదలు ఎనిమిదివరకు పత్రికల బల్లకు ఎడమ ప్రక్కనున్న చిన్నబల్లను ఇందులకై విడిచియుంచుట కంగీకరించిరి. కావలసినవారు ఇద్దరు. పేర్లను ఈ సభ ముగియకమునుపే వారికి వ్రాసి యీయ వేడుచున్నాము.