టర్బో వద్దు, ఉన్న ఊపిరి చాలు

నా దగ్గర 2002 నాటి హోండా ఎస్‌2000 ఉంది. "టర్బో పెట్టించెయ్ గురూ, వంద గుర్రాల బలం ఎక్కువొస్తుంది" అని మిత్రులు ఒకటే పోరు. నేను ససేమిరా అన్నాను. ఎందుకో చెబుతాను.

ఈ రెండు లీటర్ల ఇంజను టర్బో సాయం లేకుండానే 8,300 ఆర్‌పీఎం దగ్గర 240 హార్స్‌పవర్ ఇస్తుంది. కంప్రెషన్ 11:1. అంటే గాలినీ పెట్రోలునీ ముందే గట్టిగా నొక్కేస్తోందన్నమాట. దాంట్లోకి టర్బో ఇంకా గాలిని కూరితే వేడి పెరిగి, మంట చేరకముందే మిశ్రమం తనంతట తానే పేలొచ్చు. అదే నాకింగ్. పిస్టన్లకు గండం. పైగా మా కాలిఫోర్నియాలో మామూలుగా దొరికే ప్రీమియం 91 ఆక్టేనే.

పెట్టిన డాలరుకు వచ్చే బలం చూస్తే టర్బోదే పైచేయి, కాదనను. కానీ వాడేదెక్కడ? రెండో గేరులోనే అరవై మైళ్ళు దాటుతుంది! అందుకే నేను కార్బ్ అనుమతి నంబరున్న ఇంటేక్, మంచి టైర్లు, బ్రేకు ప్యాడ్లతో సరిపెట్టాను. పెరిగింది పిసరంతే. అయితేనేం, కాలు నొక్కగానే ఇంజను పలుకుతుంది, రెండేళ్ళకోసారి వచ్చే స్మాగ్ పరీక్షకు బెంగ లేదు.

మా ఆవిడ అడిగింది ఒక్కటే: "సోమవారం ఆఫీసుకి ఇందులోనే వెళ్ళాలిగా?" ఈ తయారీ 2009లోనే ఆగింది. ఇంజను పోతే మరొకటి వెతకడం, కొనడం రెండూ కష్టమే. మీరూ ఆ ప్రశ్న వేసుకున్నాకే చెక్కు రాయండి. ఉంటానండీ, సెలవు.