తీగ లేని మాటకు తాళము



చెవిలో చెప్పిన మాట ఒక్కరికే వినబడును. దండోరా వేసిన మాట ఊరందరికి వినబడును. తీగ మీద పోవు వార్త మొదటి విధమునకు, తీగ లేక పోవు వార్త రెండవ విధమునకు చెందినవి. హైదరాబాదు ఆకాశవాణి ప్రసారమును ఎవరి ఇంట రేడియో పెట్టిన వారి ఇంట వినవచ్చును గదా! నేడు ఇండ్లలో కంప్యూటర్లను, ఫోనులను ఇంటర్నెట్టుతో కలుపు వైఫై పెట్టె కూడ ఒక చిన్న రేడియో కేంద్రమే. ధారూరు బజారులో నిలిచి ఫోను తెరచినచో చుట్టుపట్ల గల వైఫైల పేర్లు వరుసగా కనబడును. అనగా ఆ తరంగములు గోడలు దాటి వీధిలోనికి వచ్చుచున్నవన్నమాట.

ఇట్టి చిక్కు రాజ్యములకును కలదు. ఈ వికారాబాదు జిల్లాలోనే, పూడూరు మండలమందలి దామగుండము అడవిలో, నౌకాదళపు రేడియో కేంద్రమునకు 2024 అక్టోబరు 15వ తేదీన శంకుస్థాపన జరిగినది. ఇట్టి కేంద్రము 1990లో తమిళనాడులోని తిరునల్వేలి ప్రాంతమున మొదట నెలకొల్పబడినది. జలాంతర్గాములకు ఆజ్ఞలు పంపుట వీని పని. ఈ తరగతి తరంగము 10 మొదలు 100 కిలోమీటర్ల పొడవు గలది. అందుచేతనే సముద్రజలములోనికి కొన్ని మీటర్ల లోతు చొచ్చుకొనిపోగలదు. అంత దూరము పోవు వార్తను శత్రువు పట్టకుండ ఆపుట అసాధ్యము. కావున నౌకాదళములు వార్తను గుప్తలిపిలో పంపును. పట్టినవానికి ధ్వని దక్కును గాని అర్థము దక్కదు.

సామాన్య గృహస్థునకు ఇందువలన కలుగు అపాయమేమి? 2008 జూలై 26న అహమ్మదాబాదులో వరుసగా బాంబులు పేలినవి. బాధ్యత వహించుచు వార్తాసంస్థలకు వచ్చిన ఈ-మెయిలు జాడ తీయగా, నవీ ముంబయిలోని ఒక ఇంటి ఇంటర్నెట్టు బయటపడినది. ఆ ఇంటి వైఫైని అన్యులు వాడుకొనిరి. గ్రంథాలయమునుండి ఒకరి పేరిట పుస్తకము పోయినచో, మొదట అడుగబడువాడు ఆ పేరుగలవాడే గదా! తరువాత 2009లో కేంద్ర టెలికం శాఖ వైఫై భద్రతను గూర్చి ఇంటర్నెట్టు సంస్థలకు ఉత్తర్వులిచ్చినది.

తాళములకును కాలము తీరును. 1997లో వచ్చిన 'వెప్' అను వైఫై గుప్తలిపిలోని లోపము 2001లో బట్టబయలైనది. 2004 నాటి 'డబ్ల్యుపిఏ-2'లో సైతము 2017లో ఒక లోపము కనబడగా, సాఫ్ట్‌వేరు మార్చి సరిదిద్దిరి. 2018లో 'డబ్ల్యుపిఏ-3' వచ్చినది.

కావున గృహస్థుడు చేయవలసినవి స్వల్పములే. పెట్టెతో వచ్చిన పాస్‌వర్డును వెంటనే మార్చవలెను. క్రొత్తది దీర్ఘముగా నుండవలెను. తన పేరు గాని, ఫోను నంబరు గాని కారాదు. పెట్టెలో 'డబ్ల్యుపిఏ-2' లేక '3' ఎంచుకొనవలెను. సాఫ్ట్‌వేరును ఎప్పటికప్పుడు క్రొత్తది చేయించవలెను. బస్టాండులోనో స్టేషనులోనో ఉచిత వైఫై కనబడినచో, పేరును చూచి నమ్మరాదు. ఆ పేరును ఎవడైనను పెట్టుకొనగలడు. బ్యాంకు వ్యవహారము అచ్చట జరుపకుండుట మేలు.

తరంగమును గోడ ఆపజాలదు. దానిని కాపాడునది గుప్తలిపి. ఆ గుప్తలిపిని కాపాడునది గృహస్థుని జాగరూకత.