ప్రొబేషనులో పని మానినవారి సెలవు జీతము



మన భీమవరము చుట్టుపట్ల గ్రామములలో నెలజీతమునకు పోవువారు లేని యిల్లు నేడు అరుదు. ఒకరు రొయ్యల శుద్ధి కర్మాగారమున, మరియొకరు బియ్యపు మిల్లున, వేరొకరు తపాలా కచేరిలో పనిచేయుచుందురు. చేరిన కొలది నెలలకే పని మానవలసివచ్చినచో, వారు మొదట నడుగునది యింటి పెద్దలనే. అందుచేత ఈ విషయము మీతో ముచ్చటింప దలచితిని.

క్రొత్తగా చేరినవాని యోగ్యతను యజమాని పరిశీలించు కాలమును ప్రొబేషను అందురు. నేను గ్రామస్థులకు అర్జీలు వ్రాసిపెట్టుచుందును గనుక, ఈ మాట తరచుగా వినుచుందును: “ప్రొబేషను తీరకుండనే మానితిమి గదా, ఇక మనకేమి వచ్చును?” ఇట్లనుకొని కడపటి జీతమైనను అడుగక యిల్లు చేరినవారు కలరు.

ఇది సరికాదు. పాలేరు ఏడాది నడుమ మానినచో, అతడు పనిచేసిన నెలలకు లెక్కకట్టి ధాన్యము కొలుచుటయే ధర్మమని మీరందరు నొప్పుకొందురు. సెలవు జీతమును అట్టిదే. ఉద్యోగము స్థిరమగునా కాదా యనునది ప్రొబేషను తేల్చును. చేసిన పనికి చేరిన ఫలమును అది తుడిచివేయదు.

1948 నాటి కర్మాగారముల చట్టమే ఈ న్యాయమును నెలకొల్పినది. దాని స్థానమున వచ్చిన 2020 నాటి వృత్తి భద్రతా స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. పదిమందికి తక్కువ కాకుండ పనివారున్న సంస్థలకు ఇది వర్తించును. ఏడాదిలో 180 దినములు పనిచేసినవారికి, ఇరువది దినముల పనికి ఒక దినము చొప్పున జీతముతో సెలవు లభించును. ఆ 180 దినములు నిండకుండ పని మానినను, పనిచేసిన దినములకు లెక్కకట్టి, వాడుకొనని సెలవునకు జీతమీయవలెనని ఆ స్మృతియే చెప్పుచున్నది. ఆ సొమ్మును మానిన తరువాత రెండవ పనిదినము ముగియులోపల చెల్లింపవలెను.

ఒక యువతి 100 దినములు పనిచేసి, సెలవేమియు వాడుకొనక మానినదనుకొందము. ఆమెకు అయిదు దినముల సెలవు జీతము రావలెను. దినమునకు 500 రూపాయలైనచో అది 2,500 రూపాయలు. పేదయింటికి ఇది చిన్న మొత్తము కాదు.

అయితే మేనేజరు వంటి పై యుద్యోగులు ఈ నియమములోనికి రారు. దుకాణములకు 1988 నాటి రాష్ట్ర చట్టము వేరుగా నున్నది.

కేంద్ర ప్రభుత్వపు కొలువులో పద్ధతి వేరు. అక్కడ నెలకు రెండున్నర దినముల చొప్పున ఆర్జిత సెలవు జమయగును. రాజీనామా చేసినవారికి నిలువ సెలవులో సగమునకు మాత్రమే, అదియు 150 దినములకు మించకుండ, సొమ్మిత్తురు. ఆకస్మిక సెలవునకు మాత్రము సొమ్ము రాదు. అయితే తపాలా గుమాస్తా పై యధికారి ద్వారా దరఖాస్తు పంపి, మరియొక కేంద్ర ప్రభుత్వోద్యోగమునకు ఎంపికయ్యెననుకొందము. ఆ సంగతి రాజీనామాలో స్పష్టముగా వ్రాయవలెను. దీనిని సాంకేతిక రాజీనామా యందురు. అది అంగీకరింపబడినచో సెలవు నిలువ యంతయు క్రొత్త కొలువునకు వెంట వచ్చును. ఒక్క వాక్యము వ్రాయకపోవుటచే సగము సెలవు పోగొట్టుకొనుట యెంత నష్టమో చూడుడు.

హక్కుతోపాటు విధియు కలదు. చెప్పకుండ పని మానుట తగదు. నియామక పత్రమున నెన్ని దినముల నోటీసు వ్రాసియున్నదో చూచి, రాజీనామాను కాగితముపై వ్రాసి యిచ్చి, నకలుపై ముట్టినట్లు సంతకము పొందవలెను. నోటీసు ఈయనిచో, షరతును బట్టి యజమాని ఆ దినముల జీతమును కోరవచ్చును. హాజరు లెక్కను, జీతపు చీటీలను భద్రపరచుకొనవలెను. అడిగినను సెలవు జీతమీయనిచో, ఆ కాగితములతో కార్మిక శాఖాధికారికి అర్జీ పెట్టుకొనవచ్చును.

కావున పెద్దలారా, మీ పిల్లలు పని మానెదమని వచ్చినప్పుడు కోపింపకుడు. “పోనిమ్ము” అనియు ననకుడు. “నియామక పత్రము తెమ్ము, ఎన్ని దినములు పనిచేసితివో లెక్కచూతము” అనుడు. తాము పడిన శ్రమకు విలువ యున్నదని వారికి తెలియజెప్పుట మీ చేతిలోనే యున్నది.